వినడానికొకటి, దాచడానికొకటి

సెలవురోజు ఇల్లు ఊడుస్తున్న భార్య, అలమర పక్కన కొత్త అట్టపెట్టె చూసి చీపురు అక్కడే పడేసింది.

“మళ్ళీ రికార్డులా?”

“రెండేనే.”

“రెండూ ఒకటేగా! అదే గిటారు, అదే జులపాల మనిషి.”

“ఒకటి వినడానికి, ఒకటి దాచడానికి. ఎన్నిసార్లు చెప్పాలి?”

“అసలు మీరు వినేదెప్పుడు? ముల్లు పెడితే గాడి అరిగిపోతుందంటారు. ఇంట్లో ఐదొందల రికార్డులు పెట్టుకుని ఫోనులో పాటలు వినే మనిషిని మిమ్మల్నే చూశాను.”

“పాత ఇంగ్లీషు రాక్, సోల్ పాటల విలువ నీకేం తెలుస్తుంది! గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన?”

“తెలియకపోతే పోనీండి. పిల్ల చదువుకోడానికి అక్కడ బల్ల వెయ్యాలి. ఆ అలమర ఖాళీ చెయ్యండి.”

“సరే తల్లీ, నీ పోరు పడలేను. దాచినవన్నీ అమ్మేస్తా. సీలు తియ్యని వాటికి గిరాకీ ఎక్కువ.”

“అవి... అవి వద్దులెండి. వినేవే అమ్మండి.”

“అదేంటి?”

“దాచినవాటికి సీళ్ళు లేవు.”

“లేకపోవడమేంటే!”

“మీరు ఆఫీసుకెళ్ళాక రోజుకొకటి పెట్టుకుని వింటున్నాను. వినేవి ముట్టుకుంటే మీరు ఇట్టే కనిపెట్టేస్తారు. దాచినవాటి మొహం మళ్ళీ చూసిన పాపాన పోరు కదా, అందుకని వాటినే తీశాను.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“ఎలా ఉన్నాయే, పాటలు?”

“గంధం సంగతి ఇప్పుడు గాడిదనడుగుతున్నారా?”