గునపం బావ విరగ్గొట్టలేని కత్తి

ఇలా ఇవ్వు, చూద్దాం. పిడి నావైపు తిప్పి ఇవ్వరా మనవడా, మొన చూపిస్తావేంటి, నన్ను పొడిస్తే నీకొచ్చే ఆస్తి ఈ మడత కుర్చీ ఒక్కటే. ఊఁ... బరువుంది. మడిచే రకం కాదు, అదీ మంచిదే. మడిచే కత్తికి ఎప్పటికైనా నడుం పట్టేస్తుంది, నాలాగే. ఏదో అన్నావు దీని పేరు, టాంటోనా? ఏదైతేనేం. ముక్కు చూడు, గుండ్రంగా సాగకుండా చివర్లో ఏటవాలుగా నరికేసినట్టుంది. తెలుసులే నాకు. ఏంటీ, ఫోన్లో ఎవడో చూపించాడా? ఏం చేసి చూపించాడు? కాగితం కోశాడా! టమాటా కూడానా! శభాష్. ఒరేయ్, కాగితం కోయడానికి కత్తెందుకురా, మీ నాయనమ్మ చూపు చాలదూ? చవగ్గా వచ్చింది, మొరటు పనికి ఆగుతుందా తాతా అంటావు. ఆగుతుందో లేదో నేనెవణ్ణి చెప్పడానికి? చెప్పాల్సినవాడు పోయి ఎంతకాలమైందో. గునపం బావ. మీ నాన్న చెప్పలేదా? చెప్పడు. చిన్నప్పుడు వాడి మూడుచక్రాల బండి బాగుచేస్తానని పట్టుకెళ్ళి రెండు చక్రాలతో తిరిగిచ్చాడు.

మా అక్క మొగుడు. నాకు బావ, నీకు తాత వరస. పాత లారీ టైర్లు కోసే షెడ్డులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. రేకుల కప్పు, నల్లటి నేల, మాటలు కూడా రబ్బరు వాసనే. టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది చూశావూ, దాన్ని ఊడబెరికి, మిగతాది పట్టీలుగా కోయాలి. పొడిగా కోస్తే రబ్బరు కత్తిని పట్టేసుకుని వదలదు. అందుకని పక్కన నీళ్ళ డబ్బా పెట్టుకుని ముంచడం, కోయడం, ముంచడం, కోయడం. చేతులెప్పుడూ తడే. ఇదిగో, నీ దాని పిడి గరుగ్గా ఉంది, బాగుంది. నున్నటి పిడైతే తడి చేతిలో చేపలా జారుతుంది. ఈ చిటికెన వేలి కొస అలాగే పోయింది నాకు. పోతే పోయింది, ముక్కులో పెట్టుకోవడానికి మిగతావి ఉన్నాయిగా. ఏం చెబుతున్నాను? ఆఁ, బావ.

కత్తనేది కోయడానికని ఆయనకి పుట్టాక ఎవరూ చెప్పలేదు. తీగ ఊడి రావాలా, కింద కత్తి దూర్చి పైకెత్తు. రంగు డబ్బా మూతా, కత్తి. బిగుసుకుపోయిన కిటికీ, కత్తి. అందుకే గునపం అనే పేరు. చెయ్యి కాదురా అది, రోకలి. మా అక్క ఇంట్లో చెవి ఉన్న కప్పు ఒక్కటి ఉండేది కాదు. షెడ్డు నడిపేది ఒకావిడ, పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం, మొగుడు పోయాక చీరకొంగు బిగించి తనే టైర్లు దొర్లించిన మనిషి. ఒకరోజు విరిగిన కత్తులన్నీ బావ ముందు కుప్పపోసింది. "ఒరేయ్ గునపం, నువ్వేమన్నా ఉక్కు నముల్తున్నావా? రేపట్నించి రాకు" అంది. ఈయన తల గోక్కుంటూ ఇంటికి పోయాడు. అక్క అప్పుడు కడుపుతో ఉంది. ఆయనకి ఇంకెక్కడా పని దొరకదు, వీధిలో ప్రతి కొట్టువాడికీ ఆయన విరగ్గొట్టిన వస్తువు ఏదో ఒకటి గుర్తే. అక్క పొట్ట పట్టుకుని తిన్నగా షెడ్డుకొచ్చి నిలబడింది. కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాం. అబ్బే. "పెద్దమ్మా, ఈయన్ని పగలంతా నా దగ్గర ఉంచితే ఇంటికి గోడలు మిగలవు, మీరే ఉంచుకోండి" అంది.

పెద్దమ్మ నవ్వాపుకోలేకపోయింది. నవ్వి, ఆలోచించి, అంది గదా, "సరే. కత్తులమ్మే ప్రతివాడూ మాది విరగదంటాడు. ఇకమీదట ఏ కత్తయినా ముందు వీడి చేతికే. వీడు విరగ్గొట్టలేనిది దొరికితే షెడ్డంతటికీ అదే కొంటా, వీడి పని వీడిది. వానలు వెనకపట్టేలోపు దొరక్కపోతే మాత్రం, అమ్మాయ్, నీ గోడలు నీ ఇష్టం." ఇంక చూడు వేడుక. ఒకటి, ఉక్కు పిడిలోకి బెత్తెడు కూడా పోలేదు, పిడి బావ చేతిలో, కత్తి టైర్లో. నీ దానికి పిడి చివరిదాకా ఉక్కు పోయిందా? ఏదీ... ఊఁ, పోయింది. ఇంకోటి అద్దంలా మెరిసేది, అమ్మేవాడు చంటిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చాడు. బావ తీగ కిందికి దూర్చి ఎత్తాడు. టింగ్! ముక్క ఎగిరి నీళ్ళ డబ్బాలో పడింది. "ఇలా వాడకూడదండీ" అని వాడు లబోదిబోమంటే, పెద్దమ్మ "మా దగ్గర ఇలాగే వాడతారు నాయనా" అంది. మేం నవ్వుతున్నాం గానీ బావ మొహం చూడాలి. వానలు తగ్గుతున్నాయి. ఆయన జీవితంలో మొదటిసారి, విరక్కూడదు విరక్కూడదు అనుకుంటూ విరగ్గొడుతున్నాడు పాపం.

ఆఖర్న ఒక సంచీ ఆసామి వచ్చాడు. అన్నీ చూపించి, అడుగున మిగిలిన నల్లటిదాన్ని దాచబోతుంటే పెద్దమ్మ అదేంటంది. "చూడ్డానికి బాగోదండీ, ఎవరూ కొనట్లేదు, తక్కువకే ఇచ్చేస్తా" అన్నాడు. అచ్చం ఇదే ముక్కు. వెన్ను మందం కొసదాకా తగ్గకుండా వచ్చి, చివర మూల తిరుగుతుంది. బావ తీగ కింద పెట్టి ఎత్తాడు. తీగే లేచింది. సుత్తితో వెన్ను మీద బాదాడు. తలుపు కింద పెట్టి తలుపునే లేపాడు. కొంచెం వంగింది, మళ్ళీ తిన్నగా అయింది. తుప్పు పట్టేది, ఒరలో గలగలమనేది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితేనేం, తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. "నా మీద ఎప్పుడైనా చూపించావా ఆ ముచ్చట" అని మా అక్క దులిపేసింది.

ఇక్కడే కొంప మునిగింది. పదును పోయిందని కత్తిని సాన పట్టే మామకి ఇచ్చాడు. ఆయన చక్రం తిప్పుతూ జుట్టు నెరిసినవాడు, మంచివాడే. మూల చూసి, అయ్యో, చేసినవాడు తప్పుచేశాడు, మనవాడి ఉద్యోగం దీని మీదే ఉందని, పుణ్యం వస్తుందని, ఆ మూల అరగదీసి గుండ్రంగా దిద్ది పంపాడు. బావ చూసుకున్నాడా? ఆయనెప్పుడు ఏం చూశాడు గనక! తీగ కింద పెట్టి ఎత్తాడు. టింగ్. షెడ్డంతా కత్తులాపింది. బావ ముక్క ఏరుకోలేదు. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, విరిగినదాన్ని పెద్దమ్మకి చూపించి, "ఇది నాది కాదు. నా దానికి మూల ఉంది" అన్నాడు. ఎవరు నమ్ముతారు? సరిగ్గా అప్పుడే సాన మామ లోపలికొచ్చాడు, మెప్పు కోసం. "ఏరా, వంకర తీసేశాగా, ఎలా కోస్తోంది?" పెద్దమ్మ ఆయనకేసి ఒక చూపు చూసింది. "నీ మనవడికి ముక్కు సూదిగా ఉంటే చెక్కేస్తావా? దాని బలమంతా అక్కడే ఉంటే, సింగారించి చంపావు గదయ్యా!"

అలాంటివే మళ్ళీ తెప్పించింది, అందరికీ. సాన మామ వాటి దరిదాపులకి రాకూడదంది. "మరి పదును ఎవరు పెడతారు?" అన్నాం. గునపాన్ని చూపించింది. నోరెళ్ళబెట్టాం. కప్పు చెవి ఉంచలేనివాడు! బావ చేతిరాయి ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి, పొడుగు అంచు ఒకవైపు రుద్ది, మూల దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి, కత్తి తిప్పుకుని, పొట్టి అంచు వేరే రుద్దేవాడు. రెంటినీ కలిపి లాగకూడదు. ఆ మూల దగ్గర ఒక్కచోటే మనిషి మెత్తబడేవాడు. అక్క కూతుర్ని కన్నాక, పసిదాన్ని ఆయన చేతికివ్వడానికి మేమంతా భయపడితే, అక్క తెచ్చి ఒళ్ళో పెట్టేసింది. "రాయి ముందు చూశాలే నిన్ను, పట్టుకో" అంది. చివర్లో మంచాన పడ్డాక కూడా, చెంచా నిలవని చెయ్యి, దుప్పటి మీద ఉత్తినే అలా పొడుగ్గా లాగేది... లాగి, ఆగేది...

ఆ ఫ్యాను కట్టెయ్యి, కళ్ళలో దుమ్ము పడుతోంది. నీ కత్తి ఇక్కడ పెట్టి వెళ్ళు. రాయి ఎక్కడ పెట్టిందో మీ నాయనమ్మని అడుగు.