నిద్రచెయ్యి

పోటీ హాలు వెనక గది. మధ్యాహ్నం. బల్ల మీద పట్టీలు, టేపు చుట్టలు, కత్తెర. కాసేపట్లో కొట్లాట పోటీకి ఇనుపవల కేజ్‌లోకి దిగాల్సిన అమ్మాయి కుర్చీలో కూర్చుంది. ఆమె తాతయ్యకు మొదటి శిష్యుడైన పెద్దాయన ఎదురుగా పీట వేసుకుని ఆమె చేతులకు పట్టీలు కడుతున్నాడు.

"వేళ్ళు విడదియ్యి. ఇంకా. అద్దీ. బిగువైందా?"

"చాలు పెదనాన్నా. పొద్దున అది ఏం వాగిందో విన్నావా?"

"ఎవరు?"

"ఇంకెవరు, ఇవాళ నాతో దిగే సుత్తి. ఆ పేరు ఎవరు పెట్టారోగానీ, వాగుడు కూడా సుత్తే. ఎవడో మైకు పెట్టి అడిగాడు. అవతలమ్మాయి వాళ్ళ తాత పెద్ద వీరుడంట కదా, ఆయనే ఇవాళ వస్తే మీ ముందు ఎంతసేపు నిలబడేవాడు అని. అది పళ్ళు ఇకిలించి, ఒక్క నిమిషం, అదీ నేను జడ వేసుకుంటూ ఉంటే, అంది."

"కాలు ఆడించకు. పీట కదులుతోంది."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"ఒక్క నిమిషం అన్నందుకు వచ్చింది. రెండు నిమిషాలు నిలబడేవాడు."

"పెదనాన్నా!"

"అరవకు, పట్టీ జారుతుంది."

"నువ్వేనా ఈ మాట అంటున్నది? చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మీ తాత ఒక్క గుద్దు గుద్దితే తలుపు గడియ ఊడిపోయేది అని చెప్పిందెవరు?"

"ఊడిపోయేది. పాత తలుపు."

"నవ్వించకు. నాకు ఒళ్ళు మండుతోంది."

"మండనీ, చలి తగ్గుతుంది. పిడికిలి పట్టు. ఇదిగో చూడు తల్లీ, మీ తాత కొట్టిన వాళ్ళెవరో చెప్పనా? ఒకడు రొట్టెల బట్టీలో పిండి పిసికేవాడు. ఒకడు లారీ డ్రైవరు. ఒకడు పోలీసు, వాడికి ఇంత పొట్ట. అందరూ పగలంతా పనిచేసి సాయంత్రం వచ్చి కొట్టుకునేవాళ్ళు. ఈ సుత్తికి పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఇదే పని. దానికి వండిపెట్టడానికో మనిషి, ఒళ్ళు పట్టడానికో మనిషి, అవతలివాళ్ళ పోటీలన్నీ చూసి లోపాలు రాసిపెట్టే మనిషి."

"అయితే తాతయ్యకీ ఆ మనుషుల్నీ, ఆ తిండినీ ఇచ్చి చూడు."

"ఇస్తే అప్పుడు మీ తాత ఎందుకవుతాడు? ఇంకెవరో కుర్రాడవుతాడు."

"అంతేలే. చచ్చినవాళ్ళ మీద ఎవరైనా మాట్లాడతారు."

"చచ్చినవాళ్ళని బతికున్నవాళ్ళ మీదకి ఉసిగొల్పుతున్నది నువ్వు. మా రోజుల్లో మనిషి కిందపడితే ఆట అయిపోయేది. అవతలివాడే లేపి మంచినీళ్ళు ఇచ్చేవాడు. ఇప్పుడు కిందపడ్డాకే మొదలు. మీ తాతకి కిందపడ్డాక ఏం చెయ్యాలో తెలీదు. ఎందుకంటే ఎప్పుడూ పడలేదు."

"ఆ కేకలేంటి? అయిపోయిందా అప్పుడే?"

"అయినట్టుంది. ఇంకొకటి ఉందిగా నీకు ముందు. ఊపిరి పీల్చుకో. కుడిచెయ్యి అయింది. జాకెట్ తీసి ఎడంది ఇవ్వు."

"నువ్వే లాగు."

"పాలుతాగే పిల్లవా?"

"కుడిచేతికి ఇంత మందాన కట్టావు, జిప్పు అందట్లేదు. లాగు పెదనాన్నా. మెల్లిగా! అబ్బా!"

"ఏమైంది?"

"ఏం కాలేదు. జుట్టు ఇరుక్కుంది."

"జుట్టు అటువైపు కదా ఉంది?"

"ఇటూ ఉంది. అదిగో, కోచ్ సార్ వస్తున్నారు."

"ఏమ్మా, రెడీయేనా? నలభై సెకన్లలో లేపేశారు వాణ్ణి. నీ ముందు ఒక్కటే మిగిలింది, అదీ తొందరగా అయ్యేట్టుంది. పెద్దాయనా, ఎడం చెయ్యి ఇంకా మొదలుపెట్టలేదా?"

"పెడుతున్నా కోచ్‌గారూ."

"కానివ్వండి. కట్టాక పోటీ నడిపే పెద్ద సార్ వచ్చి చూసి సంతకం పెట్టాలి దానిమీద. ఏమ్మా, ప్యాడ్లు పట్టుకుంటా, ఎడంతో నాలుగు కొడతావా?"

"వద్దు సార్, చెమట పట్టేసింది."

"ఎక్కడ పట్టింది, ఎండిపోయి ఉన్నావు. పోనీలే. గుర్తుందిగా, దాని కుడికాలు. నీ తల ఎడమ పక్కకే వస్తుంది. ఇప్పటికి ఐదుగుర్ని ఆ కాలితోనే పడుకోబెట్టింది. నీ ఎడం చెయ్యి చెవి దగ్గర్నించి కదలకూడదు. ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు. గంట కొట్టేదాకా ఫోన్ పెట్టెయ్యకూడదు."

"సరే సార్."

"ఆ సరే ఏంటి నీరసంగా? తాతగారి ఫొటోలాగా నిలబడతానని మళ్ళీ మొదలెట్టావా?"

"అదీ విద్యే కదా సార్."

"విద్యే. నాకూ గౌరవమే. గోడ మీద ఉన్నంతసేపు. చెయ్యి దించావంటే నేనే తువ్వాలు విసిరి పోటీ ఆపించేస్తా, చెప్తున్నా. పెద్దాయనా, మీరైనా చెప్పండి. పది నిమిషాల్లో వస్తా."

"వెళ్ళిపోయాడా? తలుపు వెయ్యి పెదనాన్నా. గోడ మీద ఉన్నంతసేపట! ఎంత మాటన్నాడో చూశావా?"

"నిజమే అన్నాడు."

"నువ్వూ అటేనా? నిద్రచెయ్యి గురించి తాతయ్య నడిపిన మన బడిలో తెలీనివాడు ఉన్నాడా? బోర్డు మీద బొమ్మ అదే. లోపలికెళ్ళగానే నిలువెత్తు ఫొటో అదే. కుడిచెయ్యి గడ్డం కింద, ఎడంది నడుం పక్కన వేలాడుతూ. నలభై ఏళ్ళుగా ఎంతమంది నేర్చుకున్నారు? నాన్న నేర్చుకున్నాడు. నేను నేర్చుకున్నాను. అటువైపు ఖాళీగా ఉంది కదా అని అవతలివాడు వస్తాడు, వచ్చాక చెయ్యి నిద్రలేస్తుంది. ఇదంతా నేర్పింది నువ్వు!"

"నేనే. ఎప్పుడైనా లేచిందా?"

"ఏంటి?"

"ఆ చెయ్యి. మీ తాత చెయ్యి. అది నిద్రలేవడం నువ్వు చూశావా?"

"నాకు ఊహ వచ్చేసరికే తాతయ్య ముసలాయన కదా."

"మీ నాన్న చూశాడా?"

"ఏమో. చూసే ఉంటాడు. ఎందుకు అడుగుతున్నావు?"

"ఇరవై ఆరేళ్ళు పక్కనే ఉన్నాను. నేను చూడలేదు."

"టైమ్ అవుతోంది. పట్టీ కట్టు."

"కట్టను."

"ఏంటీ?"

"ఎడం చెయ్యి పైకెత్తు. చెవి దాకా. కోచ్‌గారు చెప్పినట్టు ఫోన్ పట్టుకుని చూపించు. అప్పుడు కడతా."

"కట్టాక ఎత్తుతా."

"ఇప్పుడెత్తు."

"ఏం పరీక్షలు పెదనాన్నా ఇవి? నాలుగో క్లాసు పిల్లనా?"

"ఇందాకట్నించీ చూస్తున్నా. నడిచేటప్పుడూ దించే ఉంచావు. నీళ్ళు కుడిచేత్తోనే తాగావు, చేతికి సగం పట్టీ వేలాడుతున్నా సరే. మనసులో ఆ ఫొటో పెట్టుకుని కూర్చున్నావు. ఆ పిల్ల ఏదో కూసిందని, తాత పరువు నిలబెట్టాలని దిగుతున్నావు. దిగితే మొదటి తన్నుకే పడతావు. పడితే లేస్తావో లేదో నాకు తెలీదు. నాకు భయంగా ఉంది తల్లీ. ఎత్తి చూపించు, నీకు పుణ్యముంటుంది."

"తాతయ్య అలాగే నిలబడి గెలిచాడు."

"గెలిచాడు. ఆ రొట్టెలవాడి మీద. ఎలా గెలిచాడో చెప్తా, విను. చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండానే పోదామనుకున్నాను."

"ఇప్పుడా కథలు?"

"ఇప్పుడే. మీ తాత కలప డిపోలో పనిచేసేవాడు, తెలుసుగా. ఆ పోటీకి పది రోజుల ముందు లారీ మీదనుంచి దుంగ జారి ఎడం భుజం మీద పడింది. చెయ్యి రొమ్ము దాకా కూడా లేచేది కాదు. చొక్కా చెయ్యి నేను తొడిగేవాణ్ణి. పోటీ రోజు వేలాడేసుకుని నిలబడ్డాడు, లేవక. విద్యా లేదు, పాడూ లేదు. లేవక!"

"లేవకపోతే ఎలా గెలిచాడు?"

"ఆ రొట్టెలవాడు ఆ చెయ్యి వైపు చూశాడు. ఇంత పేరున్నవాడు చెయ్యి దించాడంటే ఇందులో ఏదో మెలిక ఉంది అనుకున్నాడు. అటువైపు పోలేదు. ఇటే తిరిగాడు. ఇటు వచ్చి కుడిచేతి గుద్దు తిన్నాడు. అంతే. అయ్యాక పేపరతను వచ్చి, అయ్యా, ఆ ఎడం చెయ్యి ఎందుకు దించారు అని అడిగాడు. మీ తాతకి నొప్పితో నోట మాట రావట్లేదు. నేను మధ్యలో దూరి, అది నిద్రచెయ్యండీ, లేస్తే ప్రమాదం, అన్నాను."

"నువ్వు అన్నావా?"

"నేనే. ఏదో నోటికొచ్చింది. తెల్లారేసరికి పేపర్లో పడింది. పదిగంటలకల్లా గుమ్మంలో నలభై మంది కుర్రాళ్ళు, నలభై ఎడం చేతులూ వేలాడేసుకుని!"

"తాతయ్య ఏమన్నాడు?"

"చెయ్యెత్తండ్రా అని తిట్టాడు. మొదటి వారమంతా తిట్టాడు. ఎవరూ వినలేదు. రహస్యం దాచేస్తున్నాడు అనుకున్నారు. ఫీజు ఎక్కువ కావాలేమో అన్నాడొకడు. విసిగిపోయి ఊరుకున్నాడు. ఊరుకుంటే ఇంకా నమ్మారు. అలా నలభై ఏళ్ళు. ఒక మనిషి దెబ్బని ఇంతమందికి నేర్పాను తల్లీ, పాఠం చేసి."

"నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు."

"తర్వాత ఏడువు. ముందు చెయ్యెత్తు. అది ఉత్త అబద్ధమని తెలిసిందిగా. ఇంక ఎవరి పరువూ మొయ్యక్కర్లేదు నువ్వు. నీకు వచ్చినట్టు నిలబడి కొట్టు. ఎత్తు."

"టైమ్ లేదు, కట్టు."

"ఎత్తవే."

"నాకు తెలుసు పెదనాన్నా."

"ఏం తెలుసు?"

"అది దెబ్బే అని. పొద్దున్నే తెలిసింది."

"ఎవరు చెప్పారు? మీ నానమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. పొద్దున వార్మప్‌లో పట్టు పట్టబోతే భుజంలో ఏదో టక్ మంది. పరుగున బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని అద్దంలో చూసుకున్నా. చెయ్యి వేలాడుతోంది. ఎంత ఎత్తినా రావట్లేదు. తలెత్తి చూస్తే అచ్చం తాతయ్య ఫొటోలా ఉన్నాను. ఆ నిలబడటం అదే. ఆ మెడ వంచడం అదే. అప్పుడు అర్థమైంది, ఆయన మొహం అందులో అలా ఎందుకుంటుందో. మనందరం కోపం అనుకున్నాం కదా?"

"అయ్యో తల్లీ."

"నొప్పి పెదనాన్నా అది."

"మరి డాక్టరు? నిన్న చూశాడుగా?"

"నిన్న బాగానే ఉంది. ఇవాళ ఎవరికీ చెప్పలేదు. కోచ్‌కీ తెలీదు. నిద్రచేత్తో నిలబడతా అని పొద్దున్నుంచీ గోల చేస్తున్నది అందుకే. లేకపోతే అనుమానం వస్తుందని. కట్టు. తొందరగా కట్టు."

"కట్టనా? దీనికా?"

"మూడేళ్ళు ఎదురుచూశాను ఈ పోటీకి. ఇవాళ తప్పుకుంటే రేపట్నుంచి నన్నెవడూ పిలవడు. ఆ సుత్తి మైకు పట్టుకుని, తాతా పారిపోయేవాడే, మనవరాలూ పారిపోయింది అంటుంది. చేయి లేవని తాతయ్య గెలిచాడన్నావుగా? రొట్టెలవాడు భయపడ్డాడన్నావుగా? ఇదీ భయపడుతుంది."

"ఇది భయపడదు. వాడు రొట్టెలవాడు తల్లీ, వాడికి అనుమానం వచ్చి ఆగాడు. దీనికి అనుమానం వస్తే తన్ని చూస్తుంది. మీ తాత రెండు నిమిషాలు నిలబడేవాడన్నాను చూడు, అది రెండు చేతులూ ఉంటే."

"తాతయ్యకి కట్టావుగా అప్పుడు? ఆ భుజంతోనే పట్టీ కట్టి పంపావుగా? నాకెందుకు కట్టవు?"

"కట్టాను కాబట్టే! పోటీ అయిన నెలకి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏమన్నాడో తెలుసా? వెంటనే వచ్చుంటే నెల్లాళ్ళు కట్టుతో పోయేది, మళ్ళీ దెబ్బ మీద దెబ్బ తగిలి పాడైంది, ఇంక లేవదు అన్నాడు. వెళ్దాం పద అనడానికి నాకు పది రోజులు ఉన్నాయి. అనలేదు. అంతమంది వస్తున్నారు, ఆయన పేరు పోతుందని నోరు మూసుకున్నాను. మీ నాన్న పుడితే ఆయన ఒక్కసారి కూడా రెండు చేతులతో ఎత్తుకోలేదు. నిన్నూ అంతే. నువ్వు పైకెత్తమని ఏడిస్తే నన్ను పిలిచేవాడు."

"ఎవరో వస్తున్నారు. పెదనాన్నా, నోరు మెదపకు. టేపు చుట్టు, ఊరికే చుట్టు, నేను చూసుకుంటా."

"టైమైంది! రండి రండి, వాళ్ళదీ అయిపోయింది. అదేంటి, ఎడం చెయ్యి ఇంకా కట్టలేదా? పెద్దాయనా! ఏమ్మా, ఆ చెయ్యి చూడు ఎలా వేలాడేశావో. ఆ నిద్రచెయ్యి వద్దని చెప్పానా లేదా?"

"పెదనాన్నా, దణ్ణం పెడతాను. చెప్పకు."

"ఒక్క చేత్తో ఏం దణ్ణం పెడతావే నా తల్లీ. కోచ్‌గారూ, అది నిద్రా కాదు, గిద్రా కాదు. ఆ పేరు నేను పెట్టిందే. పిల్లకి భుజం పోయింది. డాక్టర్ని పిలవండి."