చంద్రి గొంతుల మామిడి టెంక

వచ్చినవా వర్షితా, కూసో. ఏం రాసుకరమ్మన్నరు మీ కాలేజీల, మల్ల సెప్పు. జానవర్లకెళ్లి మనుషులకు వైరస్సులు ఎట్ల అంటుకుంటయో ఇంట్ల పెద్దోళ్లను అడిగి రాయాల్నా? ఓసి పిచ్చిపోరీ, అందుకా ఫోను నా మూతికాడ పెట్టినవ్! ముందే సెప్తే తల దువ్వుకుంటుంటి గద. మాటలే పడ్తయా, మొకం పడదా? అయితే సరే. మీ సార్లు కోడి అంటరు, పంది అంటరు, గబ్బిలం అంటరు. మనకు అంత దూరం ఎందుకే? ఇప్పుడు నువ్వు స్కూటీ పెట్టొచ్చినవు సూడు, సరిగ్గ ఆ జాగలనే చంద్రిని కట్టేస్తుంటిమి. చంద్రి అంటే బర్రె. నొసట తెల్లమచ్చ, పూటకు ఐదు సేర్ల పాలు, నాకంటె ఎక్కువ మర్యాద దానికి ఈ ఇంట్ల. కని దాని ముచ్చట చెప్పాలంటే ముందుగాల మా బావ ముచ్చట చెప్పాలె.

మా బావ కొండల్. మీ తాతకు సొంత అన్న. మీ నాయిన లగ్గం కాకముందే పోయిండు, నువ్వు యాడ సూస్తవ్. పాలు పిండుడుల గాయన గొప్పేం లేదు, గౌలిపురల అందరు పిండెటోళ్లే. గాయన పేరంత కుడిచెయ్యిల ఉండె. బర్రెలు ఆత్రంగ తింటయి గద, మామిడి టెంకనో గడ్డనో గొంతుకు అడ్డం పడుతది. కడుపు ఉబ్బుతది, సొంగ కారుతది, జల్ది తియ్యకుంటే పానం పోతది. గప్పుడు బావకు కబురు. భుజం దాక నూనె పట్టించుకొని, ఒకరు నాలుక గుంజి పట్టుకుంటే, నోట్లెకెళ్లి చెయ్యి లోపట పెట్టి పిడికిట్ల పట్టుకొని గుంజుతుండె. గౌలిపుర ఏంది, దబీర్‌పుర ఏంది, యాడ బర్రె దగ్గినా కొండలే కావాలె. తీసిన టెంకలన్ని కడిగి ఎండబెట్టి ఒక బిస్కెట్ల డబ్బల దాసుకుంటుండె. ఇంటికి సుట్టాలొస్తే ఛాయ్ కన్న ముందు ఆ డబ్బ వస్తుండె. "ఇది గుండయ్య బర్రెది, ఇది లాల్‌దర్వాజ కాడిది, ఇది సూడుండ్రి, రబ్బరు చెప్పు ముక్క!" నన్ను ఇచ్చుడు మాట్లాడుతందుకు మా నాయిన వచ్చిన నాడు గూడ అదే చూపెట్టిండు. పాపం మా నాయిన, మర్యాదకు ఒక్కొక్క టెంక చేతిల పట్టుకొని "మంచిగున్నది, మంచిగున్నది" అన్నడంట. గట్ల కుదిరింది నా సంబంధం.

ఇగ నాకు బావతోని మాటల్లేవు. లడాయి కాదే, రివాజు. తమ్ముని పెండ్లాం బావ ముంగట నిలబడొద్దు, నెత్తి మీది కొంగు జారొద్దు, నోరు అసలే తెరవొద్దు. మరి ఒక్క ఇంట్ల ఉండి ఎట్ల ఎళ్తది? తలుపుకు సెప్పాలె, గోడకు సెప్పాలె. "ఓ తలుపా, బియ్యం అయిపోయినయి" అంటే పొద్దుగూకె వరకు బియ్యం సంచి ఇంట్ల ఉంటుండె. గాయన గూడ అంతే. "ఓ గోడా, కూరల ఉప్పెక్కువైంది" అని గోడ మీద ఎగురుతుండె. నవ్వుతవేందే? మీరు ఫోన్‌ల స్టేటస్‌లు పెట్టుడేంది మరి? ఒక్కరికి తగలాలని ఊరందరికి పెడ్తరు. మా గోడనే నయం.

యాడున్న? ఆ, చంద్రి. దసరకు ఈనింది. నెల తిరగంగనే, కార్తీకమాసంల, మేత ముట్టుడు బంద్ చేసింది. నోట్లెకెళ్లి తాళ్లు తాళ్లు సొంగ. అరుపు గూడ మారింది, గొంతు బొంగురుపోయి ఒకటే అరుసుడు. బావ సూసిండు, "గొంతుల ఇరికింది" అన్నడు, తువ్వాల నడుముకు సుట్టిండు. అప్పుడే గల్లీ అంత జమైంది. బావ చెయ్యి పెడ్తుండంటే మల్ల తమాష గద, గోడల మీద పోరలు, పక్కింటి చాంద్‌బీ అయితే తట్టల బియ్యం ఏరుకుంట వచ్చి నిలబడ్డది. మీ తాత, ఇంకో ముగ్గురు కొమ్ములు పట్టిండ్రు. ఎల్లప్ప నాలుక పట్టుకున్నడు. ఎల్లప్ప అంటే మన కాడ సైకిల్ మీద పాలు ఏసెటాయన. బావకు జిగ్రీ దోస్తు, దోస్తు ఏంది, భక్తుడను. బూడిదతోని పాలక్యాన్లు తోమి తోమి ఆయన చేతులు ఎప్పుడు పగిలి ఉంటుండె. కొత్తకోడలును, నేను బావ ఎనకకెళ్లి పాత చీరముక్కతోని చంద్రి సొంగ తుడుసుకుంట నిలబడ్డ. కత్తిపీటకు తెగి నా వేలికి పుండు ఉండె, దాని సంగతి తర్వాత చెప్త.

బావ చెయ్యి భుజం దాక పోయింది. తిప్పిండు, ఎతికిండు. మొకం సూస్తె నాకు సమజైంది, లోపట ఏం దొరుకుతలేదు. కని గింతమంది సూస్తుంటె ఉత్త చేతితోని ఎట్ల బయటికి తీస్తడు? "నూనె చాలలే, ఉండుండ్రి" అని ఇంట్లకు ఉరికిండు. నేను నీళ్లకని ఇంట్లకే పోయిన. తలుపెనక నిలబడి సూస్తున్న. బిస్కెట్ల డబ్బ తెరిసిండు, ఒక మామిడి టెంక తీసిండు, నూనెల ముంచిండు, నడుముకు సుట్టిన తువ్వాల రొండిల దోపుకున్నడు. మొకం లేపితే నేను! సూసిండు నన్ను. సూసి మీసాలల్ల నవ్విండు, తెలుసు గద నాకు నోరు లేదని. ఇగ బయటికొచ్చి మల్ల చెయ్యి పెట్టిండు, ఒక్క గుంజుడు గుంజి పైకి లేపిండు. పిడికిట్ల టెంక! గల్లీ అంత సప్పట్లు. చాంద్‌బీ "క్యా హాత్ హై కొండల్ భాయ్, కమాల్ కర్ దియే!" అని ఒకటే మెచ్చుకునుడు. ఎల్లప్ప అయితే ఏడ్సిండు. కార్తీకంల మామిడికాయ యాడిదని ఒక్కలంటె ఒక్కలు అడగలే పిల్లా.

రెండు దినాలకు చంద్రి సచ్చిపోయింది. పసుల డాక్టరు వచ్చిండు. నెమ్మదైన మనిషి, కండ్లద్దాలకు దారం కట్టుకునెటాయన. "గొంతుల ఏమన్న ఇరికిందా?" అన్నడు. అందరు ఒక్కటే గొంతు, "టెంక ఇరికింది సార్, కొండలన్న తీసిండు." "అయితె గొంతు తెగి పుండయి ఉంటది" అని డాక్టరు సంచి సదురుకుంటున్నడు. టెంక సంగతి బావ బయట పెడ్తలేడు. పోతున్నడు డాక్టరు, ఇంట్లకెళ్లి వాకిట్లకు వచ్చిండు. ఇగ ఏం చెయ్యాలె? చంద్రి దుడ్డె అక్కడనే కట్టేసి ఉండె. దాని మెడ మీద చెయ్యేసి, కొంగు కప్పుకొని, గట్టిగ అడిగిన. "ఓ దుడ్డే, మీ అమ్మ ఈ కార్తీకంల మామిడిపండు యాడ తిన్నదే? మీ అమ్మ గొంతుల టెంక, ఇంట్ల డబ్బల టెంక, రెండు ఒక్కటేనా యేందే?"

బావ మొకం సూడాలె నువ్వు. నల్లగైంది. నేను సచ్చిన అనుకున్న. కని బావ డాక్టరు ఎంట ఉరికిండు, వాకిట్ల కాళ్లు పట్టుకున్నడు. "సార్, లోపట ఏం లేకుండె. నేను నాటకం ఆడిన" అన్నడు. డాక్టరు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "కుక్క గిట్ల ఏమన్న కరిసిందా దాన్ని?" అన్నడు. కరిసింది. నిమజ్జనం నాడు మూసి ఒడ్డుకు మేపవోతే మూతి మీద కరిసింది, సున్నం పూసి ఇడిసిండు బావ. చంద్రి తలకాయ కోసి పరీక్షకు పంపిండ్రు. వచ్చింది జవాబు. పిచ్చి. మీరు రేబిస్ అంటరు గద, అదే. డాక్టరు మా కొట్టంల కుడితి తొట్టి మీద కూసొని చెప్పిండు, నాకు ఇప్పటికి యాది ఉన్నది. రాసుకో. కుక్క కరిసిన కాడికెళ్లి ఆ పురుగు నరం ఎంబడి మెల్లగ నడుస్తదంట, దినానికి ఇంత దినానికి ఇంత. మెదడు కాడికి పోయి దాన్ని ఖరాబు చేసి, అక్కడికెళ్లి ఎంగిలిల దిగుతదంట. గొంతు పట్టేస్తది, మింగరాదు, అందుకే సొంగ. సూసెటోళ్లకు ఏదో అడ్డం పడ్డట్టె ఉంటది. ఆ ఎంగిలి పగిలిన చేతికి తాకితే మనిషికెక్కుతది. "కాగబెట్టిన పాలు తాగినోళ్లకు ఫికర్ లేదు. సొంగ తాకినోళ్లు సూదులు తీసుకోవాలె. రోగం బయట పడ్డంక ఏ డాక్టరు ఏం చెయ్యలేడు" అన్నడు. మొత్తం ఏడుగురం. బావ, మీ తాత, కొమ్ములు పట్టిన ముగ్గురు, నేను, ఎల్లప్ప.

బావ ఆ దినమే గల్లీ నడుమ నిలబడి ఒప్పుకున్నడు. టెంక చూపెట్టి, రొండి చూపెట్టి, ఎట్ల ఆడిండో అంత చెప్పిండు. గాయనకు పానం పోయినంత పని అది, మజాక్ కాదు. సూదులు నారాయణగూడ దవాఖానల. పొట్ట మీద, బొడ్డు సుట్టు, దినానికొకటి, పద్నాలుగు. నా పుండు వేలు పుణ్యమా అని నేను గూడ తయారు. బస్సుల బావ ముందు సీటు, నేను ఎనక సీటు, మీ తాత నడుమల మొద్దు లెక్క. పొట్టలు వాసి ఒక్కలకు గూడ కూసొనొస్తలేదు. బావ బస్సు కంబీకి చెప్తుండె, "ఓ కంబీ, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకోమను." నేను గూడ కంబీకే చెప్తుంటి, "ఓ కంబీ, టెంకలు డబ్బల పెట్టుకునెటోళ్లకు ఇంకో పద్నాలుగు ఎయ్యమను." కండక్టరు మమ్ములనే పిచ్చోళ్లనుకున్నడు.

కని ఎల్లప్ప రాలే. భయపడి కాదే. నమ్మలే! "నేను నాలుక పట్టుకున్న, నా రెండు కండ్లతోని సూసిన, టెంక లోపలికెళ్లే వచ్చింది" అంటడు. బావ ఆయన ముంగట కూసొని మల్ల ఆడి చూపెట్టిండు, రొండిలకెళ్లి పిడికిట్లకు ఎట్ల వస్తదో. ఒక్కసారి కాదు, పదిసార్లు. ఎల్లప్ప నవ్వుతడు. "గిది నాటకం అన్నా. గా దినంది అసలు. డాక్టరుకు బయపడి నీ పేరు నువ్వే ఖరాబు చేసుకుంటున్నవ్, నేను చేసుకోనియ్య." బావ కాళ్లు మొక్కిండు. ముగ్గురు కలిసి రెక్కలు పట్టి బస్సెక్కిస్తె, దబీర్‌పుర కాడ దుంకి ఉరికిండు, వాపు పొట్టలతోని మావోళ్లు ఆయన ఎంట పడలేకపోయిండ్రు. సూదులు అయిపోయినంక మమ్ముల సూసి ఒకటే ఎక్కిరించుడు. "నాకేమన్న అయిందా? ఉత్తగ పొట్టలు తూట్లు చేసుకున్నరు." మేం గూడ నవ్వినం. నవ్వినం పిల్లా, నేను అబద్ధమెందుకాడాలె. నెల గడిసింది, ఇంకో పదిహేను దినాలు గడిసినయి, మేం గూడ మర్సిపోయినం.

సంక్రాంతికి నాలుగు దినాల ముందు ఎల్లప్ప పెండ్లాం ఉరికొచ్చింది. నీళ్లు తాగుతలేడంట. చెంబు సూస్తెనే గొంతు పట్టేస్తుందంట. అంటురోగాలోళ్లను ఏసె కోరంటి దవాఖానల ఏసిండ్రు, మంచానికి చేతులు కట్టిండ్రు. ఆమెతోని నేను పోయిన, బావ గూడ వచ్చిండు. డాక్టర్లు లోపలికి ఒక్కల్నే పోనిచ్చిండ్రు, బావ పోయిండు, నేను కిటికీ కాడ నిలబడ్డ. పెద్ద కిటికీ అది, పగటిపూట, అంత సాఫ్ కనవడుతుంది. ఎల్లప్ప బావను సూడంగనే మొకం ఎలిగింది. నోరంత సొంగ. "అన్నా వచ్చినవా, నా గొంతుల ఏదో ఇరికిందే. నువ్వయితే తీస్తవని ఈళ్లకు ఎంత చెప్పినా ఇంటలేరు. చెయ్యి పెట్టు అన్నా." బావ నా దిక్కు సూసిండు. నేను ఆ దినం ఏ గోడకు ఏం చెప్పాలె?

బావ మంచం మీద కూసున్నడు. కుడిచెయ్యి ఎల్లప్ప గొంతు మీద పెట్టి, పై నుంచే మెల్లగ రాసి, పిడికిలి మూసి గుంజిండు. "వచ్చిందిరా ఎల్లిగా, తీసిన" అన్నడు. ఎల్లప్ప ఆ మూసిన పిడికిలి దిక్కే సూసుకుంట, "మరి ఏం లేకుండె అని గల్లీల అందరికి ఎందుకు చెప్పినవ్ అన్నా" అన్నడు.



ఏందే? బావ ఏమన్నడంటవా? బంద్ చెయ్యి ఆ ఫోను. బియ్యం నానపొయ్యాలె, లే.