మామగారి బొటనవేలు

డయాలిసిస్ యంత్రం కూత పెట్టగానే, మంచం మీది మామగారి బొటనవేలు అలవాటుగా కూత ఆపే బటన్ మీదికి వెళ్లింది. పక్కనే కూర్చున్న కోడలు కదల్లేదు.

"ఏమ్మా, ఇవాళ నా చెయ్యి పట్టుకుని ఆపలేదేం?"

"ఇక అక్కర్లేదు మామయ్యగారూ. నెగ్గాను!"

"ఏం నెగ్గావు?"

"గొట్టంలో గాలి బుడగ వస్తే రెప్పపాటులో క్లిప్పు పడి రక్తాన్ని ఆపాలి కదా. సరిగ్గా ఆ క్షణంలో ఎవరైనా ఈ బటన్ నొక్కితే, యంత్రంలోని ప్రోగ్రాము ముందు కూత ఆపి, తర్వాత క్లిప్పు వేసేది. ఆలోగా బుడగ ఒంట్లోకి పోవచ్చు. ఆర్నెల్ల కిందట లెక్క కట్టి చూపించాను."

"లక్షసార్లు పరీక్షించామని గొప్పలు పోయారుగా ఈ యంత్రాలు చేసే మీ ఆఫీసువాళ్లు?"

"ఆ లక్షలో ఇది ఒక్కసారీ తగల్లేదు. సరిగ్గా ఆ క్షణంలోనే నొక్కే మహానుభావుడు ఎవరమ్మా అని మా పెద్దసారు నవ్వాడు."

"నువ్వేమన్నావు?"

"మా మామగారు అన్నాను."

"నిండు సభలో నా పరువు తీశావన్నమాట!"

"మీ పేరు చెప్పి ప్రోగ్రాము తిరగరాయించాను. ఎవరు ఎప్పుడు నొక్కినా క్లిప్పు వేళకి పడి తీరుతుందని లెక్కల్లో రుజువు చేశాను. సంతకం పెట్టింది ఆ పెద్దసారే. ఈ పొద్దున దీంట్లోకి ఎక్కించారు."

"అయితే నొక్కనా?"

"హాయిగా నొక్కండి."

"ఉండు, ముందు నలుగురికీ చెప్పనీ. సిస్టరమ్మా, ఇలా రండి! ఈ యంత్రానికి బుద్ధి చెప్పింది మా కోడలు. చెప్పించింది నేను!"