కనం మింద చవక సత్రం

తిప్పన్నని ఒకాయన ఉండెనంట, రాళ్ళకు గంట్లు కొట్టేటాయన. గంట్లంటే తెలుసు గదా, రోలు నున్నగైపోతే పప్పు నలగదు, ఇసుర్రాయి నున్నగైపోతే పిండి పడదు, అప్పుడు ఉలీ సుత్తీ పెట్టి దాని మొగమంతా చిన్న చిన్న గుంతలు కొడతారే, అదీ. ఆయప్ప పెండ్లాం ఓబులక్క. ఆమెకు రెండు కండ్లకూ పొర కమ్మింది. మూడేండ్లయింది, మనిషి ఎదురుగా నిలబడితే మజ్జిగలో ఏదో కదిలినట్టు కనబడేదంట, అంతే. సముద్రం దాపున ఒక ఊర్లో కంటి వైద్యుడుండాడు, పొర తీస్తాడు, అయితే శివరాత్రి దాటి ఎండ ముదిరినాక కత్తి పట్టడు అని ఎవురో చెప్పినారు. ఇంగ ఆలోచనేముంది? ఆమె మెడలో నాలుగు బంగారు గుండ్లుంటే వైద్యునికని కొంగున ముడేసుకునింది, ఆయన ఉలి సంచి బుజానికి తగిలించుకున్యాడు, ఇద్దరూ బయల్దేరినారు. నెల్నాళ్ళ దారి అనుకో. నడిచేది, ఎవురన్నా ఎక్కించుకుంటే బండెక్కేది, పొద్దు గుంకేలోపల పడుకునేదానికి చోటు ఎతుక్కునేది.

ఆ చోటు ఎతుక్కోవడమే పెద్ద యవ్వారమైపోయెనంట. చెట్టుకింద పడుకుందామంటే చలికాలం, మంచు పడతాది. మంచుకు కండ్లు ఎర్రబడతాయి, ఎర్రబడిన కంటికి వైద్యుడు చెయ్యి పెట్టడు. కాబట్టి ఏదో ఒక కప్పు కావల్ల. ఒక ఊర్లో సత్రమాయన పడుకునేదానికి ఇంత, కాళ్ళు కడుక్కునే నీళ్ళకు ఇంత, అరుగు మింద కూచుంటే నీడకు ఇంత అన్యాడంట. "నీడక్కూడానా సామీ?" అని తిప్పన్న నోరు తెరిస్తే, "ఎండలో కూచోప్పా, నేనేమన్నా వద్దన్యానా" అన్యాడంట ఆ మారాజు. అప్పుడు తిప్పన్న ఏం చేసెనంటే, ఆయనతో పని ల్యాదని నేరుగా వంటింటి వాకిట్లోకి పోయి, "అమ్మా, నీ పచ్చడిలో పప్పు పలుకు పలుకుగా తగులుతాందా ల్యాదా, నిజం చెప్పు" అన్యాడంట. ఆయమ్మ, "అవునప్పా, నీకెట్ల తెలుసు?" అనింది. "రోలు మొగం చూస్తే తెలీదామ్మా. నేను గంట్లు కొడతా, మాకు ఒక పూట కూడూ, తల దాచుకునేదానికి ఒక మూలా ఇయ్యి." అంతే, కుదిరిపోయింది. ఆ పొద్దునుంచి ఆయనకు దారి తెలిసిపోయెనంట. ఒక రోలుకు ఒక పూట. పద్దెనిమిది రోజులు అట్లనే గడిపినాడు. చవగ్గా చోటు దొరికించుకోవడంలో నన్ను మించినోడు ల్యాడని ఎగిరెగిరి పడతాండెనంట ముసిలోడు.

ఏమైందంటే, పందొమ్మిదోనాడు నడి మజ్జానానికి కనమెక్కినారు. కనమంటే రెండు కొండల మధ్యన దారి, ఇటుపక్క మన సీమ, అటుపక్క దిగితే సముద్రం నేల. ఆ పైన దారి పక్కనే ఒక సత్రముండాది, వాకిట్లో ఒకామె నీళ్ళ చెంబు పట్టుకోని నిలబడుకోనుండాది. పేరు చెంగమ్మంట. "రా నాయనా, రామ్మా, ఎంత అలిసిపోయినారో" అని తనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఎంతమ్మా అంటే, ఇద్దరికీ కలిపి ఒక దమ్మిడి అనింది. సంగటి, చారు, పడక, తలకు నూనె, అన్నీ కలిపి. తిప్పన్న మొగం మతాబా మాదిరి ఎలిగిపోయెనంట. ఓబులక్క మెల్లిగా ఆయన రెట్ట గిల్లింది. "యోవ్, నీడక్కూడా దుడ్లు తీసుకునే దేశంలో ఈయమ్మ నూనె యాడనుంచి తెచ్చిస్తాదయ్యా? కింద ఊరుంది గదా, దిగిపోదాం పా." "నీకెప్పుడూ అంతే మే, చవగ్గా దొరికితే కడుపులో నొప్పి. కాలంతా బొబ్బలు పెట్టుకోని యాడికి దిగుతావు?" అన్యాడంట. ఆమెకు కాలు నిజంగానే లెయ్యడం ల్యాదు, ఏం చేస్తాది?

చెంగమ్మ వాండ్లను ఇంటెనక గదిలోకి తీసకపోయింది. దారిలో అరుగు మింద చెంగమ్మ తమ్ముడు కూచోని పురి పేనుతాండాడు. మంచి గట్టి తాడు. ఎవురొచ్చినారని తలకాయ కూడా ఎత్తల్యా. గదికి కిటికీ ల్యాదు, మట్టిపెట్టి పేర్చిన రాతిగోడ, ఒకే ఒక తలుపు. ఆ మూల గోనెసంచుల కింద ఒక ఇసుర్రాయి. ఇంగ చూడు, తిప్పన్నకు రాయి కనబడితే చెయ్యి ఊరుకోదు గదా. గోనె లాగినాడు, పైరాయి ఎత్తినాడు, లోపల సాలీడు గూడు కట్టి పిల్లలు పెట్టుకోనుండాది. "ఏందమ్మో, ఈ రాయి తిరిగి ఏడాదైనట్టుండాదే! మరి వచ్చేటోళ్ళకు సంగటికి పిండెట్లా?" అనేసినాడు. మనసులో అనుకోవాల్సింది నోటితో అన్యాడు సూడు, అదీ ఆయన చేసిన తప్పు.

చెంగమ్మ మొగంలో నవ్వు అట్లనే ఉండాది గానీ కండ్లలోది పోయెనంట. ఆ కండ్లు తిప్పన్నకు కనబడినాయి, ఓబులక్కకు కనబడలేదు. అయినా చెంగమ్మ ఊపిరి బిగబట్టింది ఆమెకు ఇనబడింది. సత్రంలోకి వచ్చినకాడినుంచి ఆమెకు పొయ్యి పొగ వాసన ల్యాదు, చారు వాసన ల్యాదు, గిన్నె సద్దు ల్యాదు. బిరీన నోరు తెరిచింది. "ఏమనుకోవద్దక్కా, ఈయప్ప యాడికి పోయినా ఇంతే. పని దొరకల్లని కనబడిన రాయినంతా తిడతాడు. మొన్నట్నించి ఒక్క రాయీ దొరకల్యా, చేతులు పీకుతాండాయి. కొట్టనీలే, నీ సొమ్మేం పోతాది." చెంగమ్మ ఏమనుకునిందో ఏమో, "కొట్టుకోనీలేమ్మా, పొద్దు పోతాది. మా మరుదులు దీపాలు పెట్టే యాళకు వస్తారు, అప్పుడందరం కలిసి తిందాం" అనింది. పోతా పోతా తలుపు బయట గడియేసింది. "కోతులమ్మా, శానా చెడ్డ కోతులు" అనిందంట.

కోతులంట! నవ్వొస్తాది గదా మీకు. వాండ్లకు రాల్యా.

ఓబులక్క చేతికర్ర గోడకానిద్దామని మూలకు పోయి చెయ్యి చాపింది. ఆడ ఇంగో కర్ర తగిలింది. దాని పక్కన ఇంగోటి. ఒకటి వెదురుది, ఒకటి తుమ్మది, ఒకదానికి కొనకు ఇత్తడి పొన్ను, ఒకదానికి చెయ్యి నొయ్యకుండా గుడ్డ చుట్టి ఉండాది. తడుముకుంటా తడుముకుంటా పోయింది. పదకొండు కర్రలు. "యోవ్" అనింది. "నడిచి వచ్చినోడు ఎవురన్నా కర్ర మరిచిపోయి నడిచి పోతాడా?" తిప్పన్న చూసినాడు. ఒకరు మరిచిపోతారు, ఇద్దరు మరిచిపోతారు. పదకొండుమంది మరిచిపోతారా?

తిప్పన్న కూలబడిపోయి, "నా చవక పాడుగాను, నిన్ను తెచ్చి దీంట్లో పడేస్తినే" అని నెత్తి కొట్టుకోబోతే ఆమె చెయ్యి పట్టుకునింది. "ఏడ్చేది తర్వాత. ఇది రాతిగోడేనా?" "రాతిదే." "మట్టి పెట్టి కట్టిందా?" "మట్టే." "మరి నువ్వు రాళ్ళోనివే గదా!" అంతే, ఆయనకు పానం లేచొచ్చింది. గోడనంతా అరిచేత్తో తట్టుకుంటా పోయి కింద ఒక రాయి దగ్గర ఆగినాడు. ఆ రాయొస్తే పక్కన రెండూ వాటంతటవే వస్తాయి. అయితే కొడితే సద్దయితాది గదా? బయట తాడు పేనేటోడుండాడు. ఏం చేసినారంటే, ఆమె ఇసుర్రాయి ముందర కూచునింది, చిన్న సుత్తీ ఉలీ తీసుకునింది. కండ్లు పోకముందు ఇరవై ఏండ్లు మొగునితోపాటి కొట్టిన చేతులవి, కండ్లతో పనేముంది? ఆయన పెద్ద సుత్తి తీసుకోని గోడకాడ కూచున్యాడు. ఆమె టక్ అంటే ఆయనా టక్. ఇద్దరి దెబ్బా ఒకటే పడల్ల. బయట ఇనేటోనికి ఒకే మనిషి ఒకే రాయి కొడతాండాడు అనిపించల్ల. టక్, టక్, టక్. ఊపిరి కూడా కలిపి తీసుకుంటాండారంట. తలుపు సందులో ఎండ పడతాండెనే, ఆ గీత నేలమింద పాక్కుంటా పాక్కుంటా పోతాండాది. అది ఎదురు గోడ ఎక్కిందంటే పొద్దు గుంకినట్టే. మరుదులొచ్చినట్టే.

మట్టి రాలింది. రాయి కదిలింది. కదిలింది గదా అని తిప్పన్న ఆత్రం కొద్దీ ఒక దెబ్బ ముందు ఏసినాడు. టటక్ అనింది. బయట తాడు పేనే సద్దు ఆగిపోయింది. "ఏందప్పా, రెండు సుత్తులు మోగినట్టుండాది?" అని గొంతొచ్చింది. తిప్పన్న సుత్తి గాల్లోనే ఆపేసినాడు. ఓబులక్క మాత్రం చెయ్యి ఆపకుండానే, "గోడకు తగిలి మారుమోగుతాంది నాయనా" అనింది. వాడు నమ్మల్యా. గడియ తీసే సద్దు. తిప్పన్న కంబళి లాగి గోడకు అడ్డమేసి దాని మింద ఈపు ఆనించి కూలబడినాడు. తలుపు తెరుచుకునింది. గదంతా రాతి దుమ్ము. వాడు ఒక కాలు లోపల పెట్టినాడు, చేతిలో తాడట్లనే ఉండాది. ఓబులక్క మొగమెత్తి ఆ తెల్లటి కండ్లు రెండూ వాని తట్టు తిప్పింది. "రావద్దు నాయనా, కండ్లు మూసుకో! రాతి తునకలు ఎగురుతాండాయి. నాకు ఈ కండ్లు ఎట్ల పోయినాయనుకున్యావు? ఇట్లనే, వాకిట్లో నిలబడి చూస్తాంటే ఒక్క తునక..." అని ఇంగ గట్టిగా ఒకటి కొట్టింది. ఒక చిన్న తునక పోయి వాని చెంపకు తగిలింది. వాడు అరిచేత్తో మొగం కప్పుకోని ఎనక్కు పోయినాడు చూడు, తలుపేసి గడియేసి అంత దూరాన కూచున్యాడంట! పదకొండు మందిని మింగినోనికి చిన్న తునకంటే భయం.

మళ్ళ టక్, టక్, టక్. రాయొచ్చింది. పక్కవి రెండూ వచ్చినాయి. మనిషి దూరేంత సందు. ఎండ గీత గోడ మొదట్లోకి వచ్చేసింది. "నువ్వు ముందు దూరు" అన్యాడు ఆయన. "నేను పోతే ఎట్లయ్యా, సద్దు?" "ఒకటే సద్దు గదా వాండ్లకు ఇనబడేది? నేనొక్కన్నే కొడతా, పో." ఆమె చేతిలో సుత్తి ఆయన పట్టుకోని అదే లెక్కన కొడతాంటే ఆమె నేలమింద పాక్కుంటా బయటపడింది. సరే, ఆమె పోయింది. మరి ఈయన పోతే కొట్టేటోడు ఎవురు? సద్దు ఆగితే వాడొస్తాడు. తిప్పన్న ఆలోచించినాడు, ఆలోచించినాడు. ఆపేసి గట్టిగా అరిచినాడు. "చెంగమ్మా! గంట్లైపోయినాయమ్మా! పొట్టు ఒక చేటెడు తెచ్చియ్యి, ఒక ఇసురు ఇసిరితే రాతిపొడి పోతాది. కొట్టినంక ఇసరకుండా వదిలితే మీ మరుదులు రాళ్ళు తింటారు!" మన ఇండ్లల్లో అయితే పొట్టుకేం కరువు? దంచే ఇల్లంటే గంపలకు గంపలుంటాది. ఆ ఇంట్లో గింజ దంచి ఎన్నాళ్ళయిందో! చెంగమ్మ ఆ గంప బోర్లించె, ఈ కుండ బోర్లించె. "పొట్టు ల్యాదంటే వానికి అనుమానమొస్తాది, పో, గొడ్ల కొట్టంలో చూడు" అని తమ్మున్ని తరిమె. సత్రం పెట్టినామని చెప్పుకునేటోళ్ళు పొట్టు ల్యాదని ఎట్ల చెప్తారు పాపం! వాండ్లు ఎతుకుతాండారు, ఈయన దూరినాడు. బుజం ఇరుక్కునింది, చొక్కా చినిగింది, తోలు లేచిపోయింది. బయటపడినాడు.

ఇంగ ఆమె చెయ్యి పట్టుకోని కంపల్లో పడి దిగుతాండారు. దారి మింద పోకుండా దారి పక్కనే. సగం దిగినాక కిందనుంచి ఇద్దరు మొగోళ్ళు మాట్లాడుకుంటా ఎక్కొస్తాండారు. బలంగా ఉండారు. మొగుడూ పెండ్లాం ఒక బండ ఎనక నక్కినారు. ఆమెకు కాల్లో ముల్లు దిగబడిపోయింది, కొంగు నోట్లో కుక్కుకునింది. వాండ్లలో ఒకడు, "వదిన ఈ పొద్దు ఎవురినన్నా నిలేసిందో ల్యాదో" అన్యాడంట. ఇంగొకడు నవ్వినాడు. వాండ్లు దాటిపోయినారు. అప్పుడు పైన, సత్రంకాడ, చెంగమ్మ పెట్టిన కేక కొండలంతా ఇనబడింది. వీండ్లు లేచి ఒకటే దౌడు. గుడ్డామెను ఎట్ల పరిగెత్తించినాడని అడగొద్దు, బుజానేసుకున్యాడంట, ఉలి సంచి మాత్రం పారేసినాడు. కింద ఉప్పు బండ్లోళ్ళు ఎద్దులిప్పి పొయ్యిలు ముట్టిస్తాండారు, పద్దెనిమిది బండ్లు. వాండ్ల మధ్యలోకి పోయి పడినాడు. ఏలు పెట్టి కొండ తట్టు చూపించినాడు.

తెల్లారినాక ఉప్పోళ్ళూ, ఊరోళ్ళూ కలిసి కట్టెలు పట్టుకోని పోతే సత్రం ఖాళీ. పదకొండు కర్రలు మాత్రం మూలన ఉండాయి. ఆ కర్రల్ని ఊరోళ్ళు తెచ్చి చావిడి గోడకు ఆనించిరంట, ఎవురిదన్నా గుర్తుపట్టుకుంటారేమోనని. చానా ఏండ్లు ఉండెనంట ఆడ.

ఓబులక్కకు కండ్లొచ్చినాయా అంటారా? ఉప్పోళ్ళు బండ్లో ఏసుకోని పోయి శివరాత్రికి మూడు రోజుల ముందే వైద్యుని వాకిట్లో దించినారు. పొర తీసినాడు. గుడ్డ కట్టి ఏడు రోజులు పండబెట్టినాడు. ఎనిమిదోనాడు గుడ్డ ఇప్పితే ఆమె మెల్లిగా మొగుని మొగం చూసింది. చూసింది, చూసింది. "యోవ్, మూడేండ్లల్లో ఇంత ముసిలోనివైపోయినావా!" అనిందంట. "మూడేండ్లల్లో కాల్యా మే," అన్యాడంట తిప్పన్న, "ఆ ఒక్క మజ్జానంలో అయినా."

తిరిగి వచ్చేటప్పుడు యాడ దిగినా సత్రమోడు ఎంత చెప్తే అంత ఇయ్యబోయి, పైగా దండం పెట్టెనంట తిప్పన్న. ఇంగ ఆమే ఆపి బేరం చేసేది.