సబ్బునీళ్ల గీత

ప్రయోగశాలలో సింకు దగ్గర ఇద్దరున్నారు: పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న టెక్నీషియన్.

“ఇంకోసారి చూడక్కా ఈ ఫొటో. గీత ఎంత స్పష్టంగా ఉందో. ఆకులోంచి డీఎన్ఏ వచ్చిందనడానికి ఇంకేం కావాలి?”

“చూశానమ్మా. పొద్దుట్నుంచి నాలుగుసార్లు చూపించావు.”

“పదహారుసార్లు ఏమీ రాలేదు. పదిహేడోసారి వచ్చింది. గిన్నెలు తోమే సబ్బు, ఉప్పు, చల్లటి స్పిరిట్. అంతేగా మనం వేసింది. బడిపిల్లలు కూడా చెయ్యొచ్చు.”

“అంతే.”

“మరి నీ మొహం అలా ఉందేం?”

“ఒంట్లో ఓపిక లేదు. గొట్టాలు కడగాలి, ఆ బ్రష్షిటివ్వు.”

“నేను కడుగుతాలే. నాకూ లేదనుకో ఓపిక. ఎనిమిది నెలలు. ఈ వారం కూడా రాకపోతే సబ్బు వదిలేసి, చర్మం కాల్చే ఆ ఫినాల్‌తోనే చెయ్యమన్నారు సార్. మళ్లీ అదే వాసన, అదే మంట. వాడేసింది డ్రమ్ములో పోస్తాం, ఆ డ్రమ్ము ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు.”

“ఒక్కసారి వస్తే వచ్చినట్టా? మళ్లీ చేసి చూడాలిగా.”

“చేద్దాం. రేపు.”

“ఇవాళే. నా ఎదురుగా చెయ్యి.”

“నిలబడితే పడిపోయేలా ఉన్నానక్కా. నీకెందుకంత తొందర? ముందు ఆ గ్లవ్స్ తియ్యి, అన్నం తిందాం.”

“నువ్వు తిను.”

“గ్లవ్స్ తియ్యవు, నీళ్లలో చెయ్యి పెట్టవు. ఏదీ, చూపించు.”

“ఏం లేదులే.”

“చూపించక్కా. ఇదేంటి, మణికట్టు దగ్గర ఇలా తెల్లగా పొక్కింది? ఇది ఫినాల్ పడిన మచ్చ.”

“పాతదే.”

“పాతవన్నీ నాకు తెలుసు. నీ వేళ్లు కాలడం చూసే కదా నేనీ సబ్బు పట్టుకుంది. ఎనిమిది నెలలుగా ఆ ఫినాల్ సీసా మనం ముట్టలేదు.”

“నిన్న మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయావు. లేపుదామని వస్తే నిద్రలో కూడా ఏడుస్తున్నావు. చూడలేకపోయానమ్మా.”

“ఏం చేశావు?”

“నీ గొట్టాలు తీసి చూశా. ఎప్పట్లాగే ఏమీ లేదు. పారబోశా. అవే ఆకులు నూరి, ఫినాల్‌తో తీసి నీ గొట్టాల్లో పోశా. ఆ గీత సబ్బుది కాదు.”

“నా కోసమా?”

“నీ కోసమే. ఇరవై ఏళ్లలో ఇలాంటి పని చెయ్యలేదు. నీకు ఒక్కసారి గీత కనిపిస్తే కాస్త ధైర్యం వస్తుందనుకున్నా. తప్పే. సార్‌తో నేనే చెప్తా. నువ్వింకా ఎవరికీ చెప్పలేదుగా?”

“పొద్దున్నే ఈ పద్ధతంతా రాసి సార్‌కి ఇచ్చేశానక్కా. పిల్లలతో చేయించమని ఆయన అప్పుడే దాన్ని బడులన్నిటికీ పంపేశారు. కనిపెట్టిందెవరని అడిగితే, నీ పేరే రాయించాను.”