సగమే దిగుమతైన ఓడ

"ఏదో చిన్న సాయం చేశానులే, దానికింత గొడవెందుకు" అంటూ మొదలెట్టాడు మామ. మేకుల ఫ్యాక్టరీలో తీగ సాగదీసే పని ఆయనది, మేకులు పెట్టెలకెత్తే పని నాది. గేటుకి తాళం పడ్డాక ఇద్దరికీ ఈ టీకొట్టు బెంచీయే దిక్కు. నాకు లోపల ఒకటే గుబులు. సాయంత్రం బస్సుకి ఇటుకబట్టీ పనికి పోవాలా, గేటు తెరుస్తారని ఉండిపోవాలా?

"రేవుకెళ్ళానా, ఆఫీసరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇనుము రానివ్వమని పొద్దున ఉత్తర్వు, వద్దని మధ్యాహ్నం ఉత్తర్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ సగమే లోపలికొచ్చింది. ముందు సగం దిగుమతైపోయింది, వెనక సగం ఇంకా పరాయి దేశమే!"

"ఇనుము మీద దిగుమతి సుంకం పెంచినందుకే ఫ్యాక్టరీ మూశారన్నావుగా?" అంది టీకొట్టు అక్క.

"అవును, ఇనుము రాక."

"తగ్గించినప్పుడూ మూశారుగా?"

"అప్పుడు ఇనుముతోపాటు పరాయి దేశపు మేకులూ చవగ్గా వచ్చిపడ్డాయి."

"అయితే పెంచాలా, తగ్గించాలా?"

మామ గ్లాసు బెంచీమీద పెట్టేశాడు. "మధ్యలో అడ్డు రాకమ్మా, ఎక్కడున్నానో మర్చిపోతాను. ఆఁ! ఇనుప చుట్టలు దించకూడదన్నారు గానీ తీగ లాగకూడదని ఎవరన్నారు? ఓడలోని ఇనుము కొస పట్టుకుని, తీగ సాగదీసే నా అచ్చు కంతలో దూర్చి లాగాను. లాగుతూ రేవు దాటాను, రెండు ఊళ్ళు దాటాను, వెనకాల జనం దానిమీద బట్టలారేసుకుంటున్నారు, నేను లాగుతూనే ఉన్నా. ఇనుమైపోయి ఓడే తీగై రావడం మొదలెట్టింది! కెప్టెను లబోదిబోమన్నాడు. ఓడా అయిపోయింది. ఇక సముద్రం కదిలింది చూడూ, మంత్రిగారే పరుగున వచ్చి నా గడ్డం పట్టుకున్నాడు. 'బాబ్బాబు, సముద్రం వదిలెయ్, సోమవారం మీ గేటు తెరిపిస్తా' అని!"

అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం సోమవారం ఒక్కటే వినపడింది.

"నిజంగా సోమవారమేనా మామా?"

"నీమీద ఒట్టురా అల్లుడూ!"

ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి సర్దిన సంచీ విప్పెయ్యమందామని లేచాను.

"సోమవారం తెరుస్తుంటే," అంది అక్క గ్లాసులు కడుగుతూ మామతో, "పొద్దున ఇటుకబట్టీ మేస్త్రికి నీ పేరెందుకిచ్చావన్నా? ఈ బెంచీ మీదేగా మాట్లాడుకున్నారు."

నవ్వులాగిపోయాయి. నాకు కోపం రావాలి, రాలేదు. సముద్రాన్ని లాగిన మామ చేతులు మోకాళ్ళ మీద ఊరికే పడున్నాయి.

"పెంచుతారో తగ్గిస్తారో నాకేం తెలుసురా," అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "బస్సులో తువ్వాలేసి నీకూ ఓ సీటు పట్టనా?"